16:9 ప్రొజెక్టర్ మీద 21:9 గేమింగ్: 3840×1600 పెడితే బొమ్మ సాగిపోతోంది, 2560×1080 పెడితే సిగ్నలే రావట్లేదు

హాల్‌తెర120 అడిగారు:

నమస్కారం అండీ. పీసీ గేములను ప్రొజెక్టర్ మీద 21:9లో ఆడాలని చూస్తున్నాను. సెటప్ ఇది:

ప్రొజెక్టర్: 4కె డీఎల్‌పీ (చిన్న అద్దాల చిప్‌తో బొమ్మ గీసేది), పిక్సెల్ షిఫ్ట్ రకం, హెచ్‌డీఎంఐ 2.0. 4కె అయితే 60 హెర్ట్జ్, 1080పి అయితే 120, 240 హెర్ట్జ్ తీసుకుంటుంది. మెనూలో 21:9 అని ప్రత్యేకంగా ఏమీ లేదు.
తెర: 120 అంగుళాల 16:9 ఫిక్స్‌డ్ ఫ్రేమ్. కూర్చునే దూరం 3 మీటర్లు.
పీసీ: ఆర్‌టీఎక్స్ 4070, విండోస్ 11. ఏవీ రిసీవర్ మీదుగా 10 మీటర్ల కేబుల్.

ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్ చేసి చూశాను. 3840×1600 పెడితే తెర మొత్తం నిండిపోతోంది, కానీ మనుషులు పొడుగ్గా, సన్నగా కనిపిస్తున్నారు. 2560×1080 పెడితే తెర నీలమైపోయి 'సిగ్నల్ లేదు' అంటోంది. 3440×1440 వస్తోంది గానీ అక్షరాలు అలికినట్టు ఉన్నాయి. పైనా కిందా నల్ల పట్టీలతో, సాగకుండా, మసక లేకుండా రావాలంటే ఏం చేయాలి?


పిక్సెల్‌పంతులు:

మూడు లక్షణాలకీ మూలం ఒక్కటే. మీరు ప్రొజెక్టర్‌కే కొత్త సిగ్నల్ పంపుతున్నారు. దాని లోపలి స్కేలర్‌కు (వచ్చిన బొమ్మను తన సైజుకు మార్చే భాగానికి) తెలిసిన సిగ్నళ్ల పట్టిక ఒకటి ఉంటుంది. 1600 లైన్ల సిగ్నల్ వచ్చినప్పుడు మీ మోడల్ దాన్ని 2160 లైన్లకు లాగేస్తోంది. 2160ని 1600తో భాగిస్తే 1.35. అంటే నిలువు 35 శాతం సాగింది, మనుషులు సన్నబడింది అందుకే. 2560×1080 పట్టికలో లేదు కాబట్టి పట్టించుకోలేదు. నిజానికి ఆ రిజల్యూషన్‌కు సీటీఏ-861 ప్రమాణంలో సొంత టైమింగే ఉంది: మొత్తం 3000×1100, 60 హెర్ట్జ్, 198 మెగాహెర్ట్జ్. ప్రమాణంలో ఉన్నంత మాత్రాన ప్రతి పరికరమూ తీసుకోవాలని లేదు. ఇక 3440ని 3840కి సాగదీసినప్పుడు ఒక పిక్సెల్ 1.116 పిక్సెళ్లు కావాలి. అది కుదరదు కాబట్టి అంచులు అలికేస్తుంది.

కాబట్టి ప్రొజెక్టర్‌కు ఎప్పుడూ తనకు అలవాటైన 3840×2160 సిగ్నలే వెళ్లాలి. ఆ చట్రం మధ్యలో 3840×1600 బొమ్మను కూర్చోబెట్టే పని గ్రాఫిక్స్ కార్డు చేయాలి. ప్రొజెక్టర్‌కు ఇందులో 21:9 ఉన్నట్టే తెలియకూడదు.

ముందు స్కేలింగ్ సరిచేయండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'అడ్జస్ట్ డెస్క్‌టాప్ సైజ్ అండ్ పొజిషన్' తెరిచి, పైన ప్రొజెక్టర్ బొమ్మను ఎంచుకుని, 'నో స్కేలింగ్' పెట్టండి. 'పెర్ఫార్మ్ స్కేలింగ్ ఆన్' దగ్గర జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఉండాలి, డిస్‌ప్లే కాదు. కిందున్న 'ఓవర్‌రైడ్ ద స్కేలింగ్ మోడ్ సెట్ బై గేమ్స్' గడి కూడా టిక్ చేయండి. అప్లై కొట్టండి.

తర్వాత 'చేంజ్ రిజల్యూషన్' లోకి వెళ్లి 'కస్టమైజ్', అక్కడ 'క్రియేట్ కస్టమ్ రిజల్యూషన్'. ఈ పెట్టెలో రెండు భాగాలుంటాయి, చాలామంది తప్పేది ఇక్కడే. పై భాగం విండోస్‌కు చెప్పే లెక్క, కింది టైమింగ్ భాగం తీగ మీద వెళ్లే లెక్క. పైన 3840, 1600, 60 ఇవ్వండి. కింద స్టాండర్డ్‌ను 'ఆటోమేటిక్' నుంచి 'మాన్యువల్'కు మార్చి ఇవి నింపండి:

యాక్టివ్ పిక్సెల్స్: అడ్డం 3840, నిలువు 2160
ఫ్రంట్ పోర్చ్ (బొమ్మ అయ్యాక సింక్ దాకా ఉండే ఖాళీ): 176, 8
సింక్ విడ్త్: 88, 10
టోటల్ పిక్సెల్స్: 4400, 2250
పొలారిటీ: రెండూ పాజిటివ్

పిక్సెల్ క్లాక్ 594 మెగాహెర్ట్జ్ చూపించాలి. 4400×2250×60 అంతే కదా. వేరే అంకె కనిపిస్తే ఎక్కడో ఒక గడి తప్పు పడినట్టే. టెస్ట్ నొక్కి, బొమ్మ వస్తే సేవ్ చేయండి. జాబితాలో 'కస్టమ్' అనే గుంపు కింద చేరుతుంది.

మీరు ఆటోమేటిక్‌లో వదిలేయడం వల్ల కింది భాగంలో కూడా యాక్టివ్ 1600 అయిపోయింది. రెడ్యూస్డ్ బ్లాంకింగ్ (బొమ్మ చుట్టూ ఖాళీ తగ్గించిన) లెక్కలో అది సుమారు 395 మెగాహెర్ట్జ్ సిగ్నల్. హెచ్‌డీఎంఐ 2.0కు మోయడం కష్టమేమీ కాదు, అందుకే కేబుల్ దాటి వచ్చింది. దాన్ని సాగదీసింది ప్రొజెక్టర్ స్కేలర్.

సరిగ్గా అయిందో లేదో కళ్లతో తేల్చకండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే చూడండి. 'డెస్క్‌టాప్ మోడ్' 3840×1600 అనీ, 'యాక్టివ్ సిగ్నల్ మోడ్' 3840×2160 అనీ ఉండాలి. రెండూ 1600 చూపిస్తే పని ఇంకా ప్రొజెక్టర్ నెత్తినే ఉంది.

ప్రొజెక్టర్ మెనూలో ఆస్పెక్ట్‌ను 16:9 లేదా నేటివ్‌లో పెట్టండి, ఆటో వద్దు. ఓవర్‌స్కాన్ (అంచులు కోసేది), డిజిటల్ జూమ్ సున్నా చేయండి. కీస్టోన్ (వాలుగా పడ్డ బొమ్మను సరిచేసే సెట్టింగ్) ఎంత కొంచెం ఉన్నా తీసేయండి. అది బొమ్మ మొత్తాన్ని మళ్లీ గీస్తుంది కాబట్టి ఒక పిక్సెల్ గీత గీతలా మిగలదు. చాలా మోడళ్లలో గేమ్ మోడ్ ఆలస్యం కూడా దానితో పెరుగుతుంది. స్టాండు ఎత్తు, కోణం సరిచేయడమే కీస్టోన్‌కు మందు.


వెండితెర_అంచు:

పంతులు గారు చెప్పిన పద్ధతి సరైనదే. మాన్యువల్ టైమింగ్ ఏ డ్రైవర్‌లోనైనా మొరాయిస్తే ఇంకో దారి ఉంది. అదే 'అడ్జస్ట్ డెస్క్‌టాప్ సైజ్' పేజీలో 'సైజ్' ట్యాబ్ తెరిచి 'ఎనేబుల్ డెస్క్‌టాప్ రీసైజింగ్' టిక్ చేసి, నిలువును 1600కు తగ్గించవచ్చు. సిగ్నల్ 2160గానే ఉంటుంది, డెస్క్‌టాప్ కుంచించుకుంటుంది.

ఏ అంకె ఎంచుకోవాలన్నది కూడా చూడాలి. '21:9' అన్నది అమ్మకపు పేరు. 2560×1080 నిష్పత్తి 2.37, 3440×1440 అయితే 2.39, 3840×1600 అయితే 2.40. మీ ప్రొజెక్టర్ వెడల్పు 3840 కాబట్టి అడ్డం 3840 తగ్గకూడదు. స్కేలింగ్ లేకుండా 3440×1440 పెడితే పక్కల 200 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 360 చొప్పున నాలుగు వైపులా నలుపు మిగిలి, చిన్న పెట్టెలో ఆడినట్టు ఉంటుంది. 3840×1600ను 38 అంగుళాల మానిటర్లు చాలాకాలంగా వాడుతున్నాయి, గేములకు అది పరిచయం. 3840×1620 కూడా పెట్టుకోవచ్చు, కానీ కొన్ని గేముల జాబితాలో కనబడదు.

కానీ ఈ పనికి దిగేముందు ఒక కొలత వేసుకోండి. అల్ట్రావైడ్ మానిటర్ కొన్నవాడికి పక్కల అదనంగా గాజు వస్తుంది. 16:9 తెర మీద 21:9 పెట్టినవాడికి వెడల్పు అంతే ఉంటుంది, ఎత్తు తగ్గుతుంది. మీ 120 అంగుళాల తెర వెడల్పు సుమారు 265.7 సెంటీమీటర్లు, ఎత్తు 149.4. 3840×1600లో బొమ్మ ఎత్తు 110.7కు పడిపోతుంది, పైనా కిందా 19 సెంటీమీటర్లకు పైగా నలుపు. గేమ్ నిలువు కోణాన్ని అలాగే ఉంచి పక్కలు పెంచితే, ఆ నిలువు దృశ్యమంతా 74 శాతం ఎత్తులో ఇరుక్కోవాలి. అంటే శత్రువు, కారు, అక్షరం అన్నీ పావు వంతు చిన్నవవుతాయి.

అందుకే కుర్చీ ముందుకు జరగాలి. 3 మీటర్ల నుంచి చూసిన సైజే కావాలంటే 2.2 మీటర్లకు రండి. అప్పుడు తెర మీ కంటికి అడ్డంగా సుమారు 62 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 3 మీటర్ల దగ్గర అది 48 డిగ్రీలే. వైడ్ గేమింగ్ సుఖం అంటే ఆ 62 డిగ్రీలే. సోఫా కదలదు అంటే, నా మాటగా చెబుతున్నా, షూటర్ గేములకు 16:9లోనే ఉండటం మేలు. రేసింగ్‌కు, ఫ్లైట్ సిమ్‌కు మాత్రం 3 మీటర్ల నుంచైనా 21:9 బాగుంటుంది.

తెర ఎత్తు అలాగే ఉంచి వెడల్పు పెంచే పద్ధతి కూడా ఒకటుంది: 2.40 నిష్పత్తి తెర, అంటే 149.4 ఎత్తుకు 358.6 వెడల్పు. దానికి బొమ్మను 1.35 రెట్లు పెద్దది చేయాలి. గేమింగ్ డీఎల్‌పీల జూమ్ సాధారణంగా 1.1 నుంచి 1.3 రెట్ల మధ్యే, కాబట్టి ప్రొజెక్టర్‌నే వెనక్కి జరపాలి. త్రో నిష్పత్తి (ప్రొజెక్టర్ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.2 అయితే 3.19 మీటర్ల నుంచి 4.3 మీటర్లకు. వెలుగు విస్తీర్ణంతో పలచబడుతుంది. 1.35 వర్గం 1.82, కాబట్టి చదరపు అడుగుకు పడే కాంతి 55 శాతానికి దిగుతుంది. నల్ల పట్టీలు తెర దాటి పైనా కిందా 26 సెంటీమీటర్ల చొప్పున గోడ మీద పడతాయి. తెల్ల సున్నం గోడైతే అవి బూడిద పట్టీల్లా వెలుగుతూ కనిపిస్తాయి.


హాల్‌తెర120:

ఇద్దరికీ ధన్యవాదాలు. మాన్యువల్ టైమింగ్ పనిచేసింది. యాక్టివ్ సిగ్నల్ మోడ్ 3840×2160, డెస్క్‌టాప్ 3840×1600. బొమ్మ నిష్పత్తి సరిగ్గా ఉంది, అక్షరాలు పదును తేలాయి.

రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, కస్టమ్ మోడ్‌కు మారగానే నలుపు బూడిదలా పాలిపోతోంది, మామూలు 3840×2160కి వెళ్తే మళ్లీ సరిగ్గా ఉంది. రెండు, 60 హెర్ట్జ్ చాలట్లేదు. ఇదే పద్ధతిలో 120 దొరుకుతుందా? ఇంకా బొమ్మను మధ్యలో కాకుండా తెర కింది అంచుకు దించవచ్చా? పోర్చ్ అంకెలు మార్చి చూశాను, ఏమీ కదల్లేదు.


కేబుల్‌పెట్టె:

నలుపు పాలిపోవడం రంగుల పరిధి పొరపాటు. టీవీ పద్ధతిలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. పీసీ పద్ధతిలో 0 నుంచి 255. మోడ్ మారినప్పుడు డ్రైవర్ ఒక పద్ధతిలో పంపి, ప్రొజెక్టర్ ఇంకో పద్ధతిలో చదివితే రెండే ఫలితాలు. కార్డు పరిమితంగా పంపి ప్రొజెక్టర్ పూర్తిగా చదివితే మీకు వచ్చినట్టు బూడిద. అటుదిటు అయితే చీకటి సన్నివేశాల్లో వివరాలన్నీ నల్లగా ముద్దకట్టేస్తాయి.

కస్టమ్ మోడ్‌లో ఉండగానే 'చేంజ్ రిజల్యూషన్' పేజీ కింద 'యూజ్ ఎన్‌విడియా కలర్ సెట్టింగ్స్' ఎంచుకుని, ఆర్‌జీబీ, 8 బిట్, డైనమిక్ రేంజ్ 'ఫుల్' పెట్టండి. ప్రొజెక్టర్‌లో హెచ్‌డీఎంఐ రేంజ్‌ను ఆటో నుంచి తీసి ఫుల్‌లో బిగించండి. ఆటోలో వదిలితే ప్రతి మోడ్ మార్పుకూ మళ్లీ ఊహిస్తుంది.

హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడా ఎక్కువగా చూపే పద్ధతి) కావాలంటే ఒక లెక్క. హెచ్‌డీఎంఐ 2.0 గరిష్ఠం 600 మెగాహెర్ట్జ్. 4కె 60 ఇప్పటికే 594 తినేసింది. ఆర్‌జీబీ 10 బిట్‌కు 742.5 కావాలి, పట్టదు. కాబట్టి 10 బిట్ కావాలంటే రంగు వివరాన్ని తగ్గించి పంపే వైసీబీసీఆర్ 4:2:2కు మారాలి. అప్పుడు ఎరుపు, నీలం సన్న అక్షరాల అంచుల్లో రంగు చెదురుతుంది, సోఫా దూరం నుంచి గేమ్‌లో మాత్రం తెలియదు. డెస్క్‌టాప్ పనికి ఆర్‌జీబీ 8 బిట్, హెచ్‌డీఆర్ గేమ్‌కు 4:2:2 అని రెండు అలవాట్లు పెట్టుకోండి. 3840×1600 చిన్నది కదా, 10 బిట్ పట్టాలి కదా అనుకోకండి. తీగ మీద వెళ్లేది ఇంకా 2160 లైన్లే.

మీ 10 మీటర్ల కేబుల్ రాగిదా, ఆప్టికల్‌దా? 18 గిగాబిట్ల సిగ్నల్‌కు 5 మీటర్లు దాటిన మామూలు రాగి కేబుల్‌ను నమ్మలేం. లక్షణం ఎలా ఉంటుందంటే, 1080పి శుభ్రంగా వస్తుంది, 4కె 60లో తెల్లటి చుక్కలు మెరుస్తాయి లేదా రెండు సెకన్ల పాటు బొమ్మ పోయి వస్తుంది. 10 మీటర్లకు యాక్టివ్ ఆప్టికల్ కేబుల్ వేయండి. దానికి దిశ ఉంటుంది, 'సోర్స్' అని రాసిన కొస పీసీ వైపు. తిప్పి పెడితే అసలు రాదు. గోడలో పైపు వేసి లాగేటప్పుడు కొసలు చూసుకోకపోతే మళ్లీ మొత్తం బయటకు లాగాలి.

ఇంకోటి, రిసీవర్. అది మధ్యలో ఉంటే పీసీ చదివే ఈడీఐడీ (ఏ సిగ్నళ్లు తీసుకోగలదో పరికరం చెప్పే జాబితా) ప్రొజెక్టర్‌ది కాదు, రిసీవర్ కలిపి వండినది. పాత రిసీవర్ 1080పి 120ని దాచేస్తుంది. 120 ప్రయత్నించే ముందు ప్రొజెక్టర్‌కు నేరుగా కలిపి పరీక్షించండి. పనిచేస్తే, శబ్దాన్ని ప్రొజెక్టర్ ఈఆర్క్ లేదా ఆర్క్ (శబ్దాన్ని రిసీవర్‌కు వెనక్కి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) నుంచి తీసుకోండి. ఆ పోర్టు లేకపోతే గ్రాఫిక్స్ కార్డు రెండో హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ మార్పిడి ద్వారా రిసీవర్‌కు వేరే తీగ ఇవ్వండి.


పిక్సెల్‌పంతులు:

120 దొరుకుతుంది, 4కెలో కాదు. ఈ పద్ధతిలో మీరు కొత్త వేగం పుట్టించట్లేదు, ప్రొజెక్టర్ ఇప్పటికే తీసుకునే సిగ్నల్ లోపల చిన్న బొమ్మ పెడుతున్నారు. అందుకే 3840×1600ని 75కో 80కో లాగాలని చూడకండి. 1080పి 120కి అంకెలు ఇవి: విండోస్ భాగంలో 1920×800, 120. టైమింగ్‌లో యాక్టివ్ 1920, 1080. ఫ్రంట్ పోర్చ్ 88, 4. సింక్ 44, 5. టోటల్ 2200, 1125. పొలారిటీ రెండూ పాజిటివ్. క్లాక్ 297 మెగాహెర్ట్జ్. 240కి అన్నీ అవే, వేగం 240, క్లాక్ 594.

మీ రకం ప్రొజెక్టర్ లోపలి చిప్ 1920×1080 అయి, దాన్ని నాలుగు చోట్లకు కదిపి 4కె చేసేదైతే, 240 మోడ్‌లో ఆ కదలిక ఆగిపోతుంది. పిక్సెళ్ల గడులు తెలుస్తాయి, అది చెడిపోవడం కాదు. తయారీదారులు చెప్పే ఆలస్యం ఈ తరగతిలో 4కె 60కి సుమారు 16 మిల్లీసెకన్లు, 1080పి 240కి సుమారు 4. ఫైటింగ్, షూటర్ గేములకు 1920×800 దగ్గర 120 తీసుకోండి. నెమ్మదైన పెద్ద ప్రపంచాల గేములకు 3840×1600 దగ్గర 60.

కొన్ని మోడళ్లు 2560×1440 120 కూడా తీసుకుంటాయి, ప్రొజెక్టర్‌తో వచ్చిన పుస్తకంలో వెతకండి. ఉంటే అదే మధ్యే మార్గం: పైన 2560×1072, కింద యాక్టివ్ 2560×1440. ఇక్కడ టైమింగ్ అంకెలు చేత్తో రాయకుండా, ముందు మామూలు 2560×1440 120 మోడ్‌కు వెళ్లి, కస్టమ్ పెట్టె తెరిచి అందులో కనిపించే అంకెలు కాగితం మీద దింపుకుని వాడండి. ప్రొజెక్టర్ తన ఈడీఐడీలో చెప్పిన టైమింగ్ అదే అవుతుంది.

పోర్చ్ మార్చినా బొమ్మ కదలకపోవడానికి కారణం ఉంది. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్లలో సింక్ నుంచి ఎంత దూరంలో బొమ్మ మొదలైతే అంత పక్కకు పడేది. హెచ్‌డీఎంఐలో 'ఇక్కడి నుంచి ఇక్కడిదాకా బొమ్మ' అని సిగ్నలే గుర్తు పెట్టి పంపుతుంది, పోర్చ్ ఎంతున్నా చోటు మారదు. కింది అంచుకు దించాలంటే డెస్క్‌టాప్ 3840×2160లోనే ఉంచి, వాల్‌పేపర్ నలుపు చేసి, టాస్క్‌బార్ దాచి, గేమ్‌ను అంచుల్లేని విండోగా 3840×1600 సైజులో 560 లైన్లు కిందికి జరిపి పెట్టాలి. 2160లోంచి 1600 పోతే 560 కదా. గేమ్‌లో విండో మోడ్ ఉండి సైజు ఇవ్వనిస్తే విండోను జరిపే చిన్న ఉచిత పనిముట్లు సరిపోతాయి. తెర మరీ ఎత్తులో బిగించిన ఇళ్లలో ఇది మెడకు చాలా మేలు.


ఎరుపు_ఆకుపచ్చ:

రేడియన్ కార్డు ఉన్నవాళ్లు ఈ దారం చదివితే వాళ్ల కోసం. ఆడ్రినలిన్‌ (రేడియన్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్)లో సెట్టింగ్స్, డిస్‌ప్లే తెరిచి 'జీపీయూ స్కేలింగ్' ఆన్ చేసి, 'స్కేలింగ్ మోడ్'ను 'సెంటర్' పెట్టండి. తర్వాత సీఆర్‌యూ అనే ఉచిత పనిముట్టుతో చేస్తే తక్కువ తలనొప్పి. పైన జాబితాలో 'యాక్టివ్' అని ఉన్న ప్రొజెక్టర్‌ను ఎంచుకుని, 'డీటెయిల్డ్ రిజల్యూషన్స్' కింద 3840×1600 60 చేర్చండి. మొదటి వరుసలో ఉన్న 3840×2160ని తీయకండి, కిందికి జరపకండి. డ్రైవర్ దాన్నే సొంత రిజల్యూషన్ అనుకుని మిగతావి అందులో కూర్చోబెడుతుంది. ఓకే కొట్టి, అదే ఫోల్డర్‌లోని రీస్టార్ట్64 నడపండి.

ఏదైనా మార్చేముందు ఎక్స్‌పోర్ట్ కొట్టి ఫైలు దాచుకోండి. సీఆర్‌యూ మార్పు ఆ పోర్టుకు, ఆ డిస్‌ప్లేకే అంటుకుని ఉంటుంది. పీసీ వెనక వేరే పోర్టుకు మారిస్తే మళ్లీ చేయాలి.

తెర పూర్తిగా నల్లబడితే కంగారు పడి ప్లగ్ పీకకండి. విండోస్ సెట్టింగ్స్ నుంచి మార్చి ఉంటే 15 సెకన్లు ఆగితే తానే వెనక్కి వస్తుంది. రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ లేస్తుంది. అదీ కాకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి సీఆర్‌యూ ఫోల్డర్‌లోని రీసెట్-ఆల్ నడపండి. ఈ ప్రయోగాలన్నీ చేసేటప్పుడు పక్కన ఒక మామూలు మానిటర్ కలిపి ఉంచితే వీటిలో ఏదీ అవసరం పడదు.


వెండితెర_అంచు:

గేముల సంగతి. ఇప్పటి చాలా గేములు అంచుల్లేని విండోలో డెస్క్‌టాప్ రిజల్యూషన్‌నే తీసుకుంటాయి. కాబట్టి గేమ్ తెరవకముందే డెస్క్‌టాప్‌ను 3840×1600కు మార్చండి, గేమ్ మెనూలో వెతుక్కోవడం తర్వాత.

గేమ్ నిజంగా పక్కలు పెంచుతోందా, పైనా కిందా కోసేస్తోందా అనేది తేల్చడానికి ఒకే చోట నిలబడి రెండు రిజల్యూషన్లలో స్క్రీన్‌షాట్ తీయండి. 1600లో ఎడమా కుడీ కొత్త గోడలు, చెట్లు కనిపిస్తే మంచిది. పై ఆకాశం, కింద నేల పోయి పక్కలు అలాగే ఉంటే అది కోత, ఆ గేమ్‌కు 16:9లో ఆడటమే లాభం. ఫోర్జా హొరైజన్ 5 వైడ్‌ను చక్కగా వాడుకుంటుంది. ఎల్డెన్ రింగ్ 16:9 దాటదు, 3840×1600 పెడితే మధ్యలో 2844×1600 బొమ్మ, నాలుగు వైపులా నలుపు. దాన్ని ఎక్జిక్యూటబుల్ మార్చి వెడల్పు చేసే పనిముట్లు ఉన్నాయి, కానీ యాంటీచీట్ ఆపకుండా అవి నడవవు. ఆన్‌లైన్ ఆడేవాళ్లు ముట్టుకోవద్దు.

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకు వైడ్ అవుట్‌పుట్ లేదు. ప్రొజెక్టర్‌లో 21:9 బటన్ ఉన్నా అవి పంపేది 16:9 బొమ్మే కాబట్టి ఈ తంటా వాటికి వద్దు.

ఒక లాభం ఎవరూ చెప్పలేదు. 3840×1600 అంటే 61.4 లక్షల పిక్సెళ్లు, పూర్తి 4కె 82.9 లక్షలు. కార్డు గీయాల్సింది పావు వంతు తగ్గుతుంది. 4కెలో 48, 50 దగ్గర ఊగిసలాడే గేమ్ 4070 మీద ఇక్కడ 60 పట్టుకునే అవకాశం ఎక్కువ. మీ ప్రొజెక్టర్‌లో వేరియబుల్ రిఫ్రెష్ (గేమ్ వేగానికి తగ్గట్టు తెర వేగం మారే సదుపాయం) లేకపోతే 60 కింద పడ్డ ప్రతి ఫ్రేమూ కుదుపుగా తెలుస్తుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.


హాల్‌తెర120:

రేంజ్ ఫుల్‌లో బిగించాక నలుపు సరిపోయింది. రిసీవర్ తీసేసి నేరుగా కలిపితే 1920×800 120 కూడా వచ్చింది, రిసీవర్ మీదుగా అయితే రావట్లేదు. శబ్దానికి ప్రొజెక్టర్ ఆర్క్ వాడుతున్నాను. కేబుల్ రాగిదే. 4కెలో అప్పుడప్పుడు తెల్ల చుక్కలు ఉన్నాయి, ఆప్టికల్ ఆర్డర్ పెట్టాను.

చివరిది: పైనా కిందా నల్ల పట్టీలు చీకటి గదిలో బూడిదగా వెలుగుతున్నాయి. సెట్టింగ్‌తో పోతుందా?


వెండితెర_అంచు:

సెట్టింగ్‌తో పోదు. డీఎల్‌పీ చిప్ నలుపు గీసేటప్పుడు అద్దాలు కాంతిని పక్కకు తిప్పుతాయి గానీ కొంత లీకవుతుంది. డైనమిక్ బ్లాక్ పెడితే మొత్తం బొమ్మ చీకటైనప్పుడే దీపం తగ్గుతుంది, గేమ్ నడుస్తుండగా పట్టీలకు ఏమీ ఒరగదు. పైగా వెలుగు పైకీ కిందికీ ఊగుతుంది, ఆపేయండి.

బట్టే పరిష్కారం. నల్ల వెల్వెట్, మెరుపు లేని రకం. మీ తెరకు 270 సెంటీమీటర్ల పొడవున్న రెండు ముక్కలు, ఒక్కొక్కటి 22 సెంటీమీటర్ల వెడల్పు తీసుకోండి: పట్టీ 19.3, మిగతాది అంచు మడతకు. తేలికైన అల్యూమినియం పట్టీకో, 4 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డుకో అతికించి, మడత అంచు బొమ్మ వైపు ఉండేలా పెట్టండి. ఫ్రేమ్ లోహమైతే వెనక అయస్కాంతాలు చాలు, 16:9 కావాలన్నప్పుడు లాగి పక్కన పెట్టేయొచ్చు. తెర గుడ్డ మీద మాత్రం టేపు అంటించకండి, జిగురు మరక పోదు.

బిగించే ముందు డెస్క్‌టాప్‌ను 3840×1600లో పెట్టి తెల్లటి వాల్‌పేపర్ వేసుకోండి. ఆ తెలుపు అంచు మీదికి వెల్వెట్ 3 మిల్లీమీటర్లు ఎక్కేలా పెట్టండి, సరిగ్గా అంచుకే ఆపితే లెన్స్ కొంచెం కదిలినా సన్నని తెల్ల గీత బయటపడుతుంది.